తొంభై ఎనిమిది ఫైనల్లో వదిలేసిన గోలు

గుండ్లదిన్నె ప్రాంతానికి హర్లింగ్ అనే ఆట విమానంలో వచ్చింది. పైనున్న పెద్దల్లో ఒకాయన విదేశీ పర్యటనకని ఐర్లండు వెళ్ళి, బయట వాన ఎంతకీ విడవకపోయేసరికి హోటల్ గదిలో కూర్చుని టీవీలో ఆ ఆట చూశాడట. తిరిగొచ్చి, విమానాశ్రయంలో వేసిన దండలు మెడలో ఉండగానే, మన యువతకు ఇన్నాళ్ళూ లోపించినదేమిటో తనకు తెలిసిపోయిందని ప్రకటించాడు. అంతకు ముందేడు లోపించినది స్కేటింగ్. ఆ బూట్లు హైస్కూలు బీరువాలో ఎలకలకి సొంతిళ్ళయ్యాయి. అయినా ఎవరూ నవ్వలేదు. నెల తిరక్కుండా ప్రతి ప్రాంతంలోనూ యువ హర్లింగ్ చాంపియన్‌షిప్ జరిపి తీరాలని ఉత్తర్వు దిగింది.

చుట్టుపక్కల డ్రిల్లు మాస్టర్లంతా ఆ ఉత్తర్వును సొరుగులో పెట్టి హాయిగా ఉన్నారు. గుండ్లదిన్నె జిల్లా పరిషత్ హైస్కూలు డ్రిల్లు మాస్టరు జాలాది ఏసుపాదం మాత్రం ఖర్మ కాలి ఆ ఆట ఎలా ఉంటుందో ఫోన్లో చూశాడు. అంతే, పిచ్చెక్కిపోయింది. చేతిలో పొడుగాటి గరిటె లాంటి కర్ర. చిన్న తోలు బంతి. దాన్ని నేల మీద కొట్టొచ్చు, గాల్లో కొట్టొచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరిగెత్తొచ్చు కూడా. మైదానానికి అటూ ఇటూ రెండేసి నిలువు కర్రలు, వాటి మధ్య ఒక అడ్డకర్ర. బంతి అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలోకి పోతే గోలు, అంటే మూడు పాయింట్లు. ఇంత మంచి ఆట ప్రపంచంలో ఉండగా తను ఇన్నేళ్ళూ పిల్లల చేత చేతులు పైకీ కిందికీ ఊపించాడే అని ఏసుపాదం నిజంగా బాధపడ్డాడు.

ఆ ప్రాంతంలో ఎటు చూసినా కాగితం మిల్లుల కోసం వేసిన సుబాబుల్ తోటలే. ఏసుపాదం ఒక రైతును బతిమాలి కర్ర తెచ్చి, వడ్రంగి చేత చెక్కించాడు. చెప్పులు కుట్టే ఆయన్ని పట్టుకుని బంతులు కుట్టించాడు. మొదట్లో ఊరు ఊరంతా "ఏం మాస్టారూ, ఏ పెళ్ళికి వంట?" అని ఆ గరిటెలను చూసి ఎగతాళి చేసింది. పిల్లలు మాత్రం మాస్టారికంటే ముదిరిపోయారు. గోలు దగ్గర నిలబడే మస్తాన్‌బి అనే పదో తరగతి పిల్ల ఒకతి ఉంది. బంతి ఎటు పోబోతోందో బంతికన్నా ముందు ఆ పిల్లకి తెలిసేది. రోజూ సాయంత్రం ఆట ముగిశాక అందరిదీ ఒకటే పాట.

"మ్యాచ్ ఎప్పుడు సార్?"

ఏసుపాదానికి అదే బెంగ. జట్టులో అందరూ పదో తరగతే. పరీక్షలైపోతే ఎవరి దారి వాళ్ళది, మళ్ళీ ఇంతమందిని ఒకచోట చేర్చడం ఎవరి తరమూ కాదు. పక్కనున్న పెదమడుగు హైస్కూల్లో కూడా తన స్నేహితుడైన డ్రిల్లు మాస్టరు చేత ఒక జట్టు తయారు చేయించాడు. పరీక్షల్లోపల ఒక్కటంటే ఒక్క అసలైన మ్యాచ్ ఆడిస్తానని పిల్లలకి మాటిచ్చాడు. ఇచ్చి, అనుమతి కోసం ప్రాంతీయ క్రీడాభివృద్ధి అధికారి పంచాక్షరయ్యగారి దగ్గరికి వెళ్ళాడు.

పంచాక్షరయ్యగారిది ఆఫీసు భాష. ఇంట్లో మజ్జిగ కావాలన్నా "తగు చర్య నిమిత్తం మజ్జిగ పంపవలెను" అంటారని చెప్పుకునేవారు.

"మాస్టారూ, నిబంధన ఏడు చూసినారా?" అన్నారాయన. "ఇరవై ఐదు సంవత్సరముల ఘనచరిత్ర గల పోటీలకు మాత్రమే అనుమతి ఇవ్వబడును. సదరు చరిత్ర మీ వద్ద కలదా?"

"ఆటొచ్చి మూణ్ణెల్లే గదా సార్."

"అనగా లేదు."

"ఈ ఏడు మొదటి పోటీ పెట్టామంటే..."

"చరిత్ర లేని పోటీ మొదలు కాజాలదు."

"మొదలు కాకండా చరిత్ర ఎట్టా వస్తది సార్?"

పంచాక్షరయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనేమీ చెడ్డవాడు కాదు. పోటీ జరగకపోతే పైనుంచి తనకి మాట పడుతుంది, జరిపితే నిబంధన ఏడు ఊరుకోదు. చాలాసేపు ఫ్యాను వంక చూసి, ఉన్నట్టుండి బల్ల గుద్దారు.

"పోటీకేమి తొందర? అది ఎప్పుడైననూ పెట్టుకొనవచ్చును. ముందు చరిత్ర జరిపించెదము!"

అలా గుండ్లదిన్నె ప్రాంతీయ యువ హర్లింగ్ పోటీల చరిత్ర రచనా సంఘం ఏర్పడింది. అధ్యక్షులు పంచాక్షరయ్యగారు, కన్వీనరు ఏసుపాదం. పాతికేళ్ళయితే బొటాబొటీగా ఉంటుందని, ఎందుకైనా మంచిదని ముప్పై ఏళ్ళ చరిత్ర జరిపించాలని తీర్మానించారు.

ఇదంతా ఆఫీసు గదిలో గుట్టుగా అయిపోతుందనుకున్నాడు ఏసుపాదం. మర్నాడే గేటు ముందు ట్రాక్టర్లు ఆగాయి.

"మా ఊరికి ముప్పయ్యేళ్ళల్లో ఒక్కటే కప్పంట! మేమేం చేతకానోళ్ళమా?" అని ఒక ఊరు. బైపాస్ రోడ్డుకి భూములిచ్చాం కాబట్టి వరసగా రెండుసార్లు గెలవాలని ఇంకో ఊరు. మా కులంలో ఒక్క కెప్టెనైనా లేడేమిటని ఒక సంఘం, మహిళల పోటీలు ఎప్పటినుంచి జరిగినట్టని ఇంకో సంఘం. పంచాక్షరయ్యగారు అందరినీ గెలిపించారు. ఎవరు ఏ ఏడు అడిగితే ఆ ఏడు ఇచ్చారు. ఆఖరికి చూసుకుంటే ప్రాంతమంతా విజేతలే. ఓడిపోయినవాడు వెతికినా దొరకలేదు.

"గెలుపునకు ఓటమి జతపరచబడి ఉండవలెను గదా," అని పంచాక్షరయ్యగారు తలపట్టుకున్నారు. పోనీ బతికున్నవాళ్ళతో గొడవెందుకని చనిపోయినవాళ్ళను ఓడించి చూశారు. వాళ్ళ కొడుకులు కర్రలు పట్టుకుని వచ్చారు.

అన్నింట్లోకీ చిక్కు తొంభై ఎనిమిది ఫైనల్ దగ్గర వచ్చింది. ఆ ఏడు పెదమడుగు గెలవాలని, ఆఖరి నిమిషంలో గోలు కొట్టింది తనే కావాలని కరెంటు లైన్‌మన్ చెంచయ్య పట్టుబట్టాడు. చెంచయ్య ఒకప్పుడు స్తంభం మీదనుంచి పడి కొంచెం కుంటుతాడు. పడ్డందుకు ఇన్నేళ్ళలో ఎవరూ అయ్యో అన్నది లేదు, ఆ కుంటికైనా ఒక గౌరవం దక్కాలని అతని ఆశ. సరే, గోలు కొట్టాడు. మరి వదిలేసిందెవరు? గుండ్లదిన్నెలో ఆ వయసు మగవాళ్ళందరినీ అడిగారు. అందరూ ససేమిరా అన్నారు. పంచాక్షరయ్యగారి చూపు మెల్లగా కన్వీనరు మీద వాలింది.

"ఆ ఏడు నాకు ఆటలమ్మ పోసింది సార్," అన్నాడు ఏసుపాదం కంగారుగా. "ఇంట్లో వేపమండల మీద పడుకోని ఉన్నా."

"అస్వస్థత కారణమున గోలు ఆపజాలకపోయినారని రాయించెదను. మీకునూ గౌరవముగా ఉండును."

"సార్, నేను అసలు..."

"మాస్టారూ, ఈ ఒక్క గోలు పడినచో చరిత్ర సంపూర్ణము. మీ పిల్లలకు మ్యాచి మంజూరు."

ఏసుపాదం పిల్లలను తలుచుకున్నాడు. ఎవరికి నష్టం, ఎప్పుడూ జరగని ఆటలో ఎప్పుడూ రాని బంతి ఒకటి వదిలేస్తే పోయేదేముంది అనుకున్నాడు. వదిలేశాడు.

చరిత్ర పుస్తకం అచ్చయి, ఆవిష్కరణ జరిగి, విజేతలకి శాలువాలు కప్పడానికే తెల్లారి మొదలుపెడితే దీపాలు పెట్టే వేళయింది. సెంటర్లో చెంచయ్య ఫ్లెక్సీ లేచింది. అందులో అతని చేతిలో హర్లింగ్ కర్ర, వెనకాల మెరుపులు, పక్కన సింహం. ఆ మర్నాడు ఏసుపాదం టీ కొట్టుకి వెళ్తే మాటలాగిపోయాయి.

"కూర్చో మాస్టారా," అన్నాడు కొట్టాయన, గ్లాసు కాస్త గట్టిగానే పెట్టి. "అడక్కూడదు గానీ, అంత చేతుల్లోకి వచ్చిన బంతిని ఎట్టా వదిలేశావయ్యా?"

"నువ్వు చూశావా ఏంది?"

"నేనెందుకు చూస్తా! అందరూ చెప్పుకుంటన్నారు గదా."

కూరగాయల బజార్లో ముసలామె ఒకామె వంకాయలు తూస్తూ, మన ఊరి పరువు తీశావు కదయ్యా అని కళ్ళొత్తుకుంది. ఇంటికొస్తే భార్య కరుణమ్మ మొహం మాడ్చుకుని కూర్చుంది.

"పెళ్ళిచూపులప్పుడు మీవాళ్ళు ఈ సంగతి ఒక్క ముక్కన్నా చెప్పారా?"

"ఏ సంగతే? ఆ ఆటే జరగలేదు మొర్రో!"

"అట్నే అంటారులే. ఓడిపోయినోళ్ళు ఇంకేమంటారు?"

చెంచయ్య సంగతి ఇంకా వింత. మొదట్లో ఎవరైనా అడిగితే సిగ్గుపడి, "ఏదో కొట్టాన్లే," అనేవాడు. వారం తిరిగేసరికి ఆ రోజు సన్నటి తుంపర పడుతూ ఉందని గుర్తొచ్చింది. ఆ పై వారం గాలి ఎటునుంచి వీచిందో కూడా గుర్తొచ్చింది. గోలు కొట్టాక అవతలివాడి కర్ర తగిలే తన కాలు పోయిందని చెప్పేటప్పుడు నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఒకరోజు ఏసుపాదానికి రోడ్డు మీద ఎదురై, ప్రేమగా భుజం మీద చెయ్యి వేశాడు.

"మనసులో పెట్టుకోబాకన్నా. నీ తప్పేం లేదు. అది నీ ఎడమ చెవి పక్కనించి పోయింది. ఎవుడూ ఆపలేడు."

ఏసుపాదం ఎడమ చెవి తడుముకున్నాడు. తడుముకుని, తనేం చేస్తున్నాడో తెలిసి హడలిపోయాడు. గబగబా పంచాక్షరయ్యగారి ఆఫీసుకి నడిచాడు.

"చరిత్ర అయిపోయింది గదా సార్. ఇంక మ్యాచ్ పెట్టిద్దాం. పరీక్షలొచ్చేస్తన్నాయి."

పంచాక్షరయ్యగారి మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. "శుభవార్త మాస్టారూ! మన చరిత్రకు ముగ్ధులై వారసత్వ పరిరక్షణ విభాగము వారు హైస్కూలు మైదానమును చారిత్రక స్థలముగా ప్రకటించినారు. ఇకపై అందులో పరుగెత్తుట, గెంతుట, బంతి ఆడుట పూర్తిగా నిషిద్ధము."

ఏసుపాదం బల్ల మీదికి వంగాడు.

"మరి మా పిల్లకాయలు?"

"పిల్లలు నిరభ్యంతరముగా సందర్శించవచ్చును. ఆదివారములు సెలవు."

నిజంగానే మైదానం చుట్టూ తాడు కట్టారు. గోలు దగ్గర "ఏసుపాదంగారు ఇచట విఫలులైనారు" అని రాతిపలక పాతారు. పిల్లలు సాయంత్రం కర్రలు పట్టుకొచ్చి, తాటి చెట్టంత పోలీసు తాడు పక్కన నిలబడి ఉండటం చూసి, చేసేది లేక ఆ పలకను చదువుకుని వెళ్ళిపోయారు. మస్తాన్‌బి ఒక్కతే నిలబడిపోయింది.

"అయితే మాకు మ్యాచ్ లేనట్టేనా సార్?"

ఏసుపాదం ఆ పిల్ల మొహం చూడలేక పలక వంక చూశాడు. ఏడుపొచ్చింది.

మ్యాచ్‌ని మళ్ళీ బతికించింది ఊళ్ళ కొట్లాట. చెంచయ్య కొట్టిన బంతి అసలు గీత దాటనే లేదని గుండ్లదిన్నె కుర్రకారు పుకారు లేపారు. గీత దాటి మూడడుగులు పోయిందని పెదమడుగువాళ్ళు ఆర్టీసీ బస్సాపారు. రిఫరీని కొన్నారని వీళ్ళు, మీ గోలీకి ఆటలమ్మ కాదు తాగి పడిపోయాడని వాళ్ళు. చెంచయ్య ఫ్లెక్సీకి ఎవరో పిల్లిమీసాలు గీశారు. పెదమడుగువాళ్ళు గుండ్లదిన్నెకి పాలు పోయడం మానేశారు, రెండు ఊళ్ళ మధ్య కుదిరిన పెళ్ళొకటి ఆగిపోయింది. పంచాక్షరయ్యగారు గజగజలాడి వారసత్వ నిబంధనలన్నీ తిరగేసి, ఒక మినహాయింపు పట్టుకున్నారు. చారిత్రక ఘట్టములను ఉన్నది ఉన్నట్టుగా పునఃప్రదర్శించుటకు మైదానమును వాడవచ్చును. సదరు ఘట్టము పూర్తి అగువరకు ప్రదర్శన ఆపరాదు.

"తొంభై ఎనిమిది ఫైనలును జనులందరి ఎదుట మరల జరిపించెదము," అన్నారాయన. "బంతి గీత దాటుట అందరునూ చూసెదరు. కొట్లాట ముగియును."

ఏసుపాదం ఒక్క గెంతు గెంతాడు. "మా పిల్లకాయల చేత ఆడిస్తా సార్! పెదమడుగు పిల్లకాయల చేత కూడా!"

"తప్పక. అయితే ఆఖరి నిమిషమున గోలు పడి తీరవలెను. పడకున్నచో అది పునఃప్రదర్శన కానేరదు."

ఆ సాయంత్రం బడి వరండాలో మస్తాన్‌బిని కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. ఆ పిల్ల విన్నంతసేపూ కర్రను మోకాళ్ళ మీద పెట్టుకుని గోటితో గీకుతూ ఉంది.

"అంటే, బంతొస్తే నేను వదిలెయ్యాలా?"

"ఒక్కటే అమ్మా. ఆఖర్లో."

"ఎందుకొదలాల సార్?"

"చరిత్రలో అట్టా ఉంది."

"మీరు నిజంగా వదిలారా?"

"నేను అసలు ఆడనే లేదు తల్లీ. వేపమండల మీద ఉన్నా."

మస్తాన్‌బి చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఆడతానని మాత్రం తలూపింది.

పునఃప్రదర్శన రోజు రెండు ఊళ్ళూ తాళాలేసుకుని వచ్చాయి. షామియానా కింద చెంచయ్య శాలువా కప్పుకుని కూర్చున్నాడు. పంచాక్షరయ్యగారు మైకు ముందు చరిత్ర పుస్తకం తెరుచుకుని, జరగబోయేదంతా ముందే చదువుతున్నారు. "ఇప్పుడు పెదమడుగు వారు ఎడమవైపు నుండి దూసుకొని పోవుదురు," అంటారాయన. పెదమడుగు పిల్లలు కుడివైపు నుంచి పోయేవాళ్ళు. అబ్బ, ఏం ఆడారు! ఇన్నాళ్ళూ కట్టేసి ఉన్న లేగదూడల్లా ఉరికారు. కర్రలు ఠపఠప మోగాయి. బంతి ఈ చివర్నుంచి ఆ చివరికి గాల్లోనే పోయేది. ఒకడు బంతిని కర్ర చివర నిలబెట్టుకుని మైదానం సగం పరిగెత్తేసరికి, గరిటెలని ఎగతాళి చేసిన పెద్దమనుషులే కుర్చీలెక్కి కేకలేశారు. ఏసుపాదానికి ఈల ఊదడం మర్చిపోయేంత సంతోషమేసింది.

ఆఖరి నిమిషం వచ్చింది.

"ఇదిగో, చెంచయ్యగారి పాత్రధారి బంతిని అందుకొనెను!" పంచాక్షరయ్యగారు మైకులో అరిచారు. "కొట్టెను! ఏసుపాదంగారి ఎడమ చెవి పక్కగా బంతి దూసుకొని పోయి, గో..."

మస్తాన్‌బి ఎడమ చెయ్యెత్తి బంతిని పట్టేసింది.

"...గోలు పడెను," అని పుస్తకంలో ఉన్నది చదివేశారు పంచాక్షరయ్యగారు, చిన్న గొంతుతో. అప్పుడు లేచింది చూడండి కేక, మైదానం దద్దరిల్లింది. టీ కొట్టాయన తువ్వాలు గాల్లోకి విసిరాడు. కరుణమ్మ ఎవరో ముక్కూమొహం తెలియని ఆమెను కౌగిలించుకుంది. చెంచయ్య లేచి నిలబడి, తనే అందరికన్నా ముందు, "పట్టిందిరా! దీని దుంపతెగ, పట్టేసిందిరా!" అని అరిచాడు. తర్వాత తనెవరో గుర్తొచ్చి కూర్చున్నాడు.

"మరల కొట్టుడు!" అన్నారు పంచాక్షరయ్యగారు మైకులో. మళ్ళీ కొట్టారు. కర్రతో ఆపింది. ఇంకోసారి కొట్టారు. ఒళ్ళంతా అడ్డం వేసి ఆపింది. పంచాక్షరయ్యగారు పరిగెత్తుకొచ్చారు, పంచె తొక్కుకుంటూ.

"మాస్టారూ, ఆటను ఆపుడు!"

"ఎట్టా ఆపమంటారు సార్?" అన్నాడు ఏసుపాదం. "ఘట్టం పూర్తి అయ్యేదాకా ఆపరాదని మీరే గదా చెప్పింది."

ఆయన నోరు తెరిచి, నిబంధన గుర్తొచ్చి మూసుకున్నారు. చీకటి పడింది, బంతి కనపడటం మానేసింది. పంచాక్షరయ్యగారు మైకు పట్టుకుని ప్రకటించారు. గోలు పడలేదు గనుక ఘట్టము పూర్తి కాలేదు. పూర్తి కాలేదు గనుక నేడు ఏమియు జరగలేదు. రేపు సాయంత్రము ఇదే వేళకు మరల మొదలగును.

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"సార్," అంది మస్తాన్‌బి మెల్లగా, "గోలు పడేదాకా రోజూ ఆడుకోవచ్చా?"

"నిబంధన ప్రకారము అంతే," అన్నారు పంచాక్షరయ్యగారు నీరసంగా.

మర్నాడూ ఏమీ జరగలేదు. ఆ మర్నాడూ ఏమీ జరగలేదు. జరగని ఆట చూడటానికి పక్క మండలాలనుంచి ఆటోలు కట్టుకుని రావడం మొదలైంది. పెదమడుగు పిల్లలు తేలిగ్గా వదిలే రకం కాదు, ప్రాణం పెట్టి కొట్టేవాళ్ళు. మస్తాన్‌బి ప్రాణం పెట్టి ఆపేది. పెదమడుగువాళ్ళు మళ్ళీ పాలు పోయడం మొదలుపెట్టారు, ఆట చూడటానికి ఎలాగూ రోజూ వస్తున్నారు కదా అని. ఆగిపోయిన పెళ్ళి కూడా కుదిరింది.

ఒక సాయంత్రం మాత్రం ఘట్టం పూర్తయిపోయేలా కనిపించింది. తడి గడ్డి మీద మస్తాన్‌బి కాలు జారి బోర్లా పడింది. బంతి పెదమడుగు కెప్టెన్ కర్ర మీద ఉంది. ఎదురుగా ఖాళీ గోలు. షామియానా కింద పంచాక్షరయ్యగారు చేతులు జోడించి లేచి నిలబడ్డారు. ఊరికే తోస్తే చాలు, తొంభై ఎనిమిది ముగిసిపోతుంది, తాడు మళ్ళీ బిగుసుకుంటుంది.

కుర్రాడు ఖాళీ గోలు వంక చూశాడు. నేల మీద పడి ఉన్న మస్తాన్‌బి వంక చూశాడు. పళ్ళన్నీ కనపడేలా నవ్వి, కర్ర కాస్త ఎత్తి, బంతిని అడ్డకర్ర పైనుంచి ఆకాశంలోకి కొట్టాడు.

"ఒక పాయింటు!" అని అరిచి, ఏసుపాదం బలమంతా పెట్టి ఈల ఊదాడు.